సన్నిపాతము, వెన్నుసూది

చెన్నపట్నం సెంట్రల్‌లో బండి దిగి రోడ్డు దాటితే జనరల్ ఆసుపత్రి. 1664లో కోటలో కుంఫిణీ సిపాయిల కొరకు మొదలై, 1772లో ఇప్పటి చోటికి వచ్చినది. తెలుగునాటి నుండి రోగులను తెచ్చుకొను మనవారెందరికో ఇదే దిక్కు.

జ్వరము, తలనొప్పి, మెడ బిగుసుకొనుట, సంధిమాటలు — వీనిని మన పెద్దలు సన్నిపాతమనిరి. గాలి సోకినదనియు అనిరి. అందు కొన్ని మెదడు పొరలకు సూక్ష్మజీవులు సోకుటచే వచ్చు మెనింజైటిస్ అయి యుండునని మేము తలతుము. పెద్దవారిలో ఇది తరచు న్యుమోనియా తెచ్చు క్రిమి పనియే; చెవిలో చీము నుండియు లోనికి ప్రాకును. క్షయ వలన వచ్చునది మెల్లగా ముదురును. 1940ల నడుమ స్ట్రెప్టోమైసిన్ వచ్చువరకు అది సోకినవారు బ్రతుకుట బహు అరుదు.

1891లో జర్మనీ వైద్యుడు క్వింకె వెన్నులో సూది గుచ్చి నీరు తీయు పద్ధతిని ప్రకటించెను. నీరు కలకబారినచో చీము పట్టినట్లే. క్షయలో తేటగానే ఉండవచ్చును గనుక కంటితో చూచిన చాలదు, పరీక్ష కావలెను.

2004లో హాలండు వైద్యులు 696 కేసుల లెక్క ప్రకటించిరి. జ్వరము, మెడ బిగువు, మతి చెదరుట — మూడును కలిసి కనబడినవి నూటికి 44 మాత్రమే! కాన అన్ని లక్షణములు వచ్చువరకు రోగిని ఇంట ఉంచుకొనరాదు.

వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోవునని మనవారు సంతకము దగ్గర జంకుదురు. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగముననే ముగియును. సూది అంతకు దిగువన గుచ్చుదురు.