బాయి అడుగున వెల్స్, వెర్న్

హెచ్.జి. వెల్స్ ‘టైమ్ మెషీన్’ను పదమూడేళ్లప్పుడు గోదావరిఖని క్వార్టర్లో చదివాను. భూమి కింద చీకట్లో యంత్రాలు నడుపుతూ, రాత్రిళ్లు పైకొచ్చి సుకుమారులైన ఎలోయ్‌లను ఎత్తుకుపోయే మార్లాకులు అప్పట్లో నాకు రాక్షసులే. ఈ మధ్య మళ్లీ చదివితే మా బాపు గుర్తొచ్చాడు. నైట్ షిఫ్టు దిగొచ్చి ఎంత రుద్దుకున్నా ఆయన కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలేది.

1895 నాటి ఆ నవల మొహమాటం లేకుండానే చెప్పింది: పైనున్నది యజమానుల సంతతి, కిందున్నది కార్మికుల సంతతి. వెల్స్ తల్లి ఒక దొరల భవనంలో హౌస్‌కీపర్. అక్కడ పనివాళ్లు రాకపోకలు సాగించేందుకు భూమి కింద సొరంగాలుండేవి. ఆ సొరంగాలు ఎరిగిన పిల్లవాడే పెద్దయ్యాక మార్లాకులను రాశాడు. అప్పటికి మన సింగరేణి బొగ్గు గనుల్లో తవ్వకం మొదలై ఆరేళ్లు. ఇల్లెందు దగ్గర పుట్టిన ఆ బాయిలే తర్వాత బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం దాకా వచ్చాయి.

జూల్స్ వెర్న్ 1864లో పాతాళ యాత్ర రాస్తూ అక్కడ ఆదిమ జంతువులను ఊహించాడు. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి నేలలో అలాంటి డైనోసార్ ఎముకలు నిజంగానే దొరికాయి. 1988లో దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని శాస్త్రీయ నామం పెట్టారు. దాని అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది.

అయితే కోల్‌బెల్ట్ వాళ్లు చదవాల్సిన వెర్న్ నవల వేరే ఉంది. 1877లో వచ్చిన ఆ పుస్తకం పేరుకు ‘నల్ల ఇండియా’, కథ నడిచేది మాత్రం స్కాట్లండ్ బొగ్గు గనిలో. బొగ్గయిపోయిందని మూసేసిన బాయిని వదలలేక పదేళ్లుగా అందులోనే కాపురముంటుంది ఒక ముసలి ఓవర్‌మన్ కుటుంబం. చివరికి కొత్త పొర దొరుకుతుంది, కరెంటు వెలుగులో భూగర్భంలో ఊరే వెలుస్తుంది. చిన్నప్పుడైతే ఆ ఊరికి వెళ్లిపోవాలనిపించేది. ఇప్పుడు ఆ ఊళ్లో దగ్గు వినిపించకపోవడం నాకు అన్యాయంగా తోచింది. కానీ వెర్న్ ఒక మనిషిని మరిచిపోలేదు. ముసుగు కప్పుకుని నేలమీద పాకుతూ, కాగడా పైకెత్తి, పైకప్పు కింద చేరిన గ్యాసును కొంచెం కొంచెంగా కాల్చేసేవాడు. సేఫ్టీ ల్యాంపు రాకముందు అది నిజంగా ఉన్న కొలువు. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

తెలుగులో టేకుమళ్ల రాజగోపాలరావు ‘విహంగయానం’ నుంచీ మన సైన్స్ ఫిక్షన్‌కు ఆకాశం మీదే మోజు. 1991లో ‘ఆదిత్య 369’ మాత్రం 2504 నాటి మనుషులను భూగర్భంలో చూపించింది. కింద బతికే మనిషిని అల్లం రాజయ్య లాంటివాళ్లు వాస్తవ కథల్లో గొప్పగా నిలబెట్టారు. ఆ మనిషి రేపటి కథ కూడా ఈ గడ్డ మీది రచయితలే రాయాలి.

మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్లకు వెల్స్‌ను ఇవ్వండి. చదవడం అయ్యాక, రిటైరై అరుగుమీద కూర్చున్న తాత దగ్గరికి పంపి, బాయి అడుగున ఎట్లుంటదో అడగమనండి.