ఆటోక్రాస్ పోటీలలో ఇంధన భారం

ఆటోక్రాస్ పోటీలలో ఇంధన భారం అనగా పోటీ సమయంలో కారు టాంకులో ఉన్న పెట్రోలు యొక్క బరువు. ఈ బరువు కారు వేగం పుంజుకునే తీరుపై, బ్రేకుల పనితీరుపై, మలుపులలో కారు నడవడిపై ప్రభావం చూపుతుంది. పెట్రోలు తగ్గిన కొద్దీ కారు తేలికవుతుంది. అయితే మరీ తగ్గినచో మలుపులో ఇంజనుకు పెట్రోలు అందక శక్తి పడిపోయే ప్రమాదం ఉన్నది. అందువలన టాంకులో ఎంత పెట్రోలు ఉంచాలనేది పోటీదారులు ముందుగా నిర్ణయించుకోవలసిన విషయాలలో ఒకటి.

పోటీ స్వరూపం

ఆటోక్రాస్ అనే పదానికి దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. బ్రిటనులో పచ్చిక లేదా మట్టి నేలపై జరిగే పోటీలను ఈ పేరుతో పిలుస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మాత్రం విశాలమైన పార్కింగ్ స్థలాలు, పాత విమానాశ్రయాల వంటి చదునైన గట్టి నేలపై, ట్రాఫిక్ కోన్లతో గుర్తించిన దారిలో జరిగే పోటీని ఆటోక్రాస్ అంటారు. ఈ వ్యాసం రెండవ రకానికి సంబంధించినది.

1944లో స్థాపించబడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ఈ పోటీలను 'సోలో' అనే పేరుతో నిర్వహిస్తుంది. ఈ సంస్థ జాతీయ పోటీలు 1973లో మొదలయ్యాయి. 2009లో ఇవి నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి మారాయి. జాతీయ పోటీలలో రెండు వేర్వేరు దారులపై మూడేసి పరుగులు ఉంటాయి. ఒక్కొక్క దారిలో సాధించిన ఉత్తమ కాలాలను కూడి విజేతను నిర్ణయిస్తారు. కాలాన్ని సెకనులో వెయ్యవ వంతు వరకు లెక్కిస్తారు. కోన్‌ను పడవేసిన ప్రతిసారీ 2 సెకన్లు అదనంగా కలుపుతారు.

ఒక పరుగు సుమారు ఒక నిమిషంలో ముగుస్తుంది కనుక అందులో ఖర్చయ్యే పెట్రోలు చాలా స్వల్పం. ఫార్ములా వన్ పోటీలలో పరిస్థితి వేరు. అక్కడ 2010 నుండి పోటీ మధ్యలో ఇంధనం నింపటం నిషిద్ధం. 2019 నుండి 2025 వరకు ఒక కారు పోటీకి 110 కిలోల వరకు ఇంధనం వాడుకోవటానికి అనుమతి ఉండేది. పోటీ సాగిన కొద్దీ ఆ కారు తేలికవుతూ వస్తుంది. ఆటోక్రాస్‌లో మాత్రం బయలుదేరినప్పటి బరువే దాదాపు చివరి వరకు ఉంటుంది.

బరువు లెక్క

పెట్రోలు సాంద్రత లీటరుకు సుమారు 0.75 కిలోలు. 1989లో విడుదలైన మాజ్డా ఎమ్ఎక్స్-5 కారు తొలి నమూనాలో టాంకు పరిమాణం 45 లీటర్లు. ఇది నిండుగా ఉన్నప్పుడు పెట్రోలు బరువు సుమారు 34 కిలోలు, నాలుగవ వంతు ఉన్నప్పుడు సుమారు 8 కిలోలు. అనగా తేడా 25 కిలోల పైచిలుకు. నడిపే వ్యక్తితో కలిపి కారు బరువు 1,030 కిలోలు అనుకుంటే ఈ తేడా సుమారు రెండున్నర శాతం.

న్యూటన్ రెండవ నియమం ప్రకారం అదే బలానికి ద్రవ్యరాశి పెరిగితే త్వరణం తగ్గుతుంది. మలుపులలో మరొక కారణం కూడా తోడవుతుంది. టైరుపై బరువు పెరిగితే నేలపై దాని పట్టు కూడా పెరుగుతుంది, కానీ అదే నిష్పత్తిలో పెరగదు. బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కన్నా తక్కువగానే ఉంటుంది. అందుచేత బరువైన కారు అదే మలుపును కొంచెం తక్కువ వేగంతో తిరగవలసి వస్తుంది.

టాంకు ఉండే చోటు

ఎంత పెట్రోలు ఉన్నదనే దానితో పాటు అది కారులో ఎక్కడ ఉన్నదనేది కూడా ముఖ్యమే.

ఎమ్ఎక్స్-5 తొలి నమూనాలో టాంకు సీట్ల వెనుక, వెనుక ఇరుసుకు ముందు ఉంటుంది. కారు మధ్యభాగానికి దగ్గరగా ఉండుట వలన కారు సమతుల్యతలో మార్పు తక్కువ.

పోర్షే 911లో ఇంజను వెనుక, టాంకు ముందు ఉంటాయి. నిండు టాంకు ముందు చక్రాలపై భారం పెంచి, వెనుక ఉన్న ఇంజను బరువును కొంత సరితూచుతుంది.

హోండా జాజ్ కారులో టాంకును ముందు సీట్ల క్రింద అమర్చారు.

చాలా ముందు చక్రాల చోదక కార్లలో టాంకు వెనుక సీటు క్రింద ఉంటుంది. అది నిండుగా ఉంటే వెనుక టైర్లు మోయవలసిన భారం పెరిగి, కారు వెనుకభాగం బయటికి జారే స్వభావం కొద్దిగా పెరుగుతుంది. దీనిని ఓవర్‌స్టీర్ అంటారు. ముందు చక్రాలు పట్టు తప్పి కారు తిరగవలసినంత తిరగకపోవటాన్ని అండర్‌స్టీర్ అంటారు.

గరిమనాభికి దూరంగా ఉన్న బరువు కారు యొక్క జడత్వ భ్రామకాన్ని పెంచుతుంది. ఈ పెరుగుదల దూరపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వరుస కోన్ల మధ్య కుడి ఎడమలకు వెంటవెంటనే తిరిగే స్లాలం వంటి భాగాలలో ఇటువంటి కారు దిశ మార్చుకోవటానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

పెట్రోలు కదలిక, కొరత

పెట్రోలు ద్రవం కనుక మలుపులో టాంకులోని ఒక పక్కకు చేరుతుంది. పార్శ్వ త్వరణం గురుత్వ త్వరణానికి సమానమైనప్పుడు పెట్రోలు ఉపరితలం 45 డిగ్రీల వరకు వాలుతుంది. మంచి టైర్లున్న కార్లు ఆటోక్రాస్‌లో ఈ స్థాయిని చేరుకోగలవు. టాంకులో పెట్రోలు తక్కువగా ఉండి, మలుపు దీర్ఘమైనదైతే, పంపు పీల్చే చోట పెట్రోలుకు బదులు గాలి చేరుతుంది. అప్పుడు ఇంజను తడబడుతుంది. పంపు ఒక పక్కన ఉన్న టాంకులలో ఈ ఇబ్బంది ఒకే దిశలో తిరిగే మలుపులలో కనిపించవచ్చు.

దీనిని నివారించటానికి టాంకులలో అడ్డుపలకలు, పంపు చుట్టూ చిన్న తొట్టి వంటివి ఏర్పాటు చేస్తారు. టాంకు లోపల ఉండే పంపు చల్లబడటానికి కూడా చుట్టూ ఉన్న పెట్రోలే తోడ్పడుతుంది.

ఆచరణ

కొన్ని కిలోల పెట్రోలు తగ్గించుట వలన కలిసివచ్చే కాలం చాలా స్వల్పం. పోటీ దగ్గరగా ఉన్నప్పుడు స్థానాన్ని నిర్ణయించటానికి అది చాలవచ్చు. కానీ మలుపు మధ్యలో ఇంజను తడబడితే ఆ పరుగు మొత్తం వృథా అవుతుంది. మూడు పరుగులే ఉన్న పోటీలో ఇది పెద్ద నష్టం. కనుక అతి తక్కువ పెట్రోలు కాక, ఆ కారులో కొరత రాని కనీస పరిమాణం ఉత్తమమైనది. ఈ పరిమాణం కారును బట్టి, టైర్ల పట్టును బట్టి, దారిలోని మలుపులను బట్టి మారుతుంది. ఒకే కారును ఇద్దరు పోటీదారులు పంచుకున్నప్పుడు రెట్టింపు పరుగులకు సరిపడా పెట్రోలు ఉంచుకోవాలి.

టైర్ల గాలి ఒత్తిడి వంటి మార్పులను పరీక్షించేటప్పుడు ప్రతి పరుగులోను పెట్రోలు పరిమాణం ఒకే విధంగా ఉండటం అవసరం. లేనిచో కాలంలో కనిపించిన తేడా దేని వలన వచ్చినదో తెలుసుకొనుట కష్టం.