చతురంగఫలకసంఖ్య: కారణాంకస్వరూపవిచారము

చతురంగఫలకమునందు మొదటి గడిలో నొక గింజయు, రెండవదానిలో రెండును, మూఁడవదానిలో నాలుగును, ఇట్లు గడిగడికి ద్విగుణముగా నుంచుచుఁ బోయినచో నఱువదినాలుగు గడులయందును జేరు గింజల మొత్తము 18446744073709551615. ఇరువది యంకెలుగల యీ సంఖ్యను, శరము, శశి, గగనము మొదలగు పదములచే నంకెలను సూచించుచు, ఒకట్ల స్థానమునుండి యెడమకు నడచు భూతసంఖ్యాపద్ధతిలో, పావులూరి మల్లనదిగాఁ బ్రసిద్ధమైన తెలుఁగు పద్యమొకటి లోపములేక చెప్పుచున్నది. అయినను లోక మీ సంఖ్యను గొప్పదిగా నెంచుట పరిమాణముచేతనే. దాని నిజమైన విశేషము కారణాంకములయం దున్నదని చూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ మొత్తమునకు మఱియొక గింజను జేర్చినచో మొదటి గడిలో రెండై, ఆ రెండును రెండవ గడిలోని రెంటితోఁ గలసి నాలుగై, తుదివఱకు నిబ్బడించి 2⁶⁴ అగును. కావున మన సంఖ్య 2⁶⁴ కంటె నొకటి తక్కువ. 2⁶⁴ నకు రెండు తప్ప వేఱు ప్రధానకారణాంకము లేదు. అందుండి యొకటి తీసివేసి, వర్గముల భేదము మూలములయొక్క మొత్తభేదముల గుణలబ్ధమను సూత్రమును మరల మరలఁ బ్రయోగింపఁగా, 3, 5, 17, 257, 65537, 4294967297 అను నాఱు కారణాంకములు వెలువడును. మొదటి యైదింటి గుణలబ్ధమగు 4294967295 ఫలకములోని మొదటి 32 గడుల మొత్తమే యగుట గమనింపఁదగినది.

ఈ యాఱును ఫెర్మా సంఖ్యలు, అనఁగా రెండు మొదలుకొని వర్గించుచుఁ బోఁగా వచ్చు సంఖ్యలకు నొక్కొకటి చేర్చినవి. ఈ జాతి సంఖ్యలన్నియుఁ బ్రధానసంఖ్యలే యని 1640 ప్రాంతమున ఫ్రెంచి గణితజ్ఞుఁడు ఫెర్మా విశ్వసించెను. మొదటి యైదింటి విషయమున నది సత్యమే. ఆఱవదానిని మాత్రము 1732లో గణితజ్ఞుఁడు ఆయిలరు 641చే నిశ్శేషముగా భాగించి చూపెను. 641 ఒకవంక 5×2⁷+1, మఱియొకవంక 5⁴+2⁴. మొదటి రూపమువలన 5×2⁷ను 641చే భాగింప శేషము −1, దాని చతుర్థఘాతమగు 5⁴×2²⁸నకు శేషము 1; రెండవ రూపమువలన 5⁴నకు బదులు −2⁴ను నిలుపవచ్చును గావున −2³²నకును శేషము 1, అనఁగా 2³²+1 నకు శేషము సున్న. లబ్ధమగు 6700417 కూడఁ బ్రధానసంఖ్యయే.

ప్రతి ఫెర్మా సంఖ్యయుఁ దనకు ముందున్నవాని గుణలబ్ధముకంటె సరిగా రెండెక్కువ. కావున నేరెంటికైన నుమ్మడి భాజకమున్నచో నది రెండను సంఖ్యనుఁ గూడ భాగింపవలెను, బేసిసంఖ్యలయెడ నట్టిది ఒకటి తప్ప వేఱొండు లేదు. ఇందువలన మన సంఖ్య యేడు భిన్నప్రధానసంఖ్యల గుణలబ్ధమై, సరిగా 128 భాజకములు గలదగుచున్నది. వృత్తలేఖినీ రేఖాపట్టికలతో 17 భుజముల సమబహుభుజిని నిర్మింపవచ్చునని 1796లో గణితజ్ఞుఁడు గౌసు కనుగొనిన సిద్ధాంతము ననుసరించి, నేఁటివఱకుఁ దెలిసిన బేసి భుజసంఖ్యలలో నట్లు నిర్మాణసాధ్యమగు మిక్కిలి పెద్దది, మొదటి యైదు ఫెర్మా సంఖ్యల గుణలబ్ధమగు నా 4294967295యే. కావున ఫలకముయొక్క పూర్వార్ధము జ్యామితికిని, సమస్తఫలకము ఫెర్మా యూహాభంగమునకును సాక్ష్యము. సంఖ్యయొక్క గౌరవము అంకెల పొడవునందుఁగాక కారణాంకములయందే నిర్ణయింపఁదగును.