గానుగ సున్నము

వానలు వెనుకపట్టగానే పాతయిండ్ల యజమానులు మేస్త్రిని పిలిపించుట మన యూళ్ళలో వాడుక. గోడ యడుగున పెచ్చులూడి యుండును. మేస్త్రి యొక బస్తా సిమెంటు తెప్పించును. రెండుదినములలో గోడ నున్నబడి చూడముచ్చటగా నుండును. కొన్నియేండ్లకే యా పూత పలకవలె విడివడి, వెనుకనున్న యిటుకను గూడ నూడ్చుకొని వచ్చును. అంతట సిమెంటులో కల్తీ యని యజమాని నిట్టూర్చును. దోషము సిమెంటుది కాదు, దానిని పూసిన చోటిది. ఈ పొరపాటు పుట్టుక నెఱుగుటకు మనము కొంత వెనుకకు బోవలెను.

సున్నపురాతిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడిమికి గాల్చినప్పుడు దానియందలి బొగ్గుపులుసుగాలి వెడలిపోవును. మిగిలిన దానిపై నీరుపోయగా నది బుసబుస పొంగి మెత్తని సున్నమగును. గోడకెక్కిన పిదప నా సున్నము తాను విడిచిన గాలినే మెల్లమెల్లగా మరల గ్రహించి తిరిగి రాయి యగుచుండును. గాలి సోకనిచోట నిది గట్టిపడదు; నీటిలో నసలే గట్టిపడదు. ఈ కొఱతకు రోమకులు రెండుమందులు కనుగొనిరి: అగ్నిపర్వతపు బూడిద, కుండపెంకుల పొడి. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దమున విట్రూవియస్ అను వాస్తుశాస్త్రజ్ఞుడు, ఏటియిసుక రెండుపాళ్ళకు సున్నము ఒకపాలు చాలుననియు, జల్లించిన పెంకులపొడి మూడవవంతు చేర్చిన మరింత మేలనియు వ్రాసెను. మన మేస్త్రీల సుర్కీయు నిదియే: కాలిన మట్టి, సున్నముతో గలసి, తడిలోను బిగియును. ఎవరియొద్ద నెవరు నేర్చిరని వాదులాడ నేల? కుమ్మరియు బట్టీయు నంతటను గలవు.

1591లో వెలసిన చార్మినారుపై సున్నపు పనితనము నేటికిని జూచువారి కన్నులకు విందు. ఆనాటి సున్నమును వట్రువ రాతితొట్టిలో నెద్దులు లాగెడు రాతిచక్రముక్రింద నూఱెడివారు. అదియే గానుగ సున్నము. అందు బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలుపుట గలదు. బెల్లము సున్నమును నీటిలో నెక్కువగా గరగించును. మితిమీరిన నదియే బిగువును చెఱచును. చెన్నపట్టణమున గుల్లసున్నముతో మెఱుగు పెట్టిన గోడలను జూచి తెల్లవారు చలువరాయిగా భ్రమించిరి. కాని యా వైభవమును దలచునప్పుడు, మిద్దెలపై గచ్చును దినముల తరబడి కొయ్యబలకలతో గొట్టిన కూలిస్త్రీల చేతులను గూడ దలపవలెను. గానుగ పోయినదని కంటనీరు పెట్టుట మా యుద్దేశము కాదు. నేడా నూఱుడు యంత్రము చేయగలదు.

సిమెంటు కథ చిన్నది. 1756లో సముద్రపు దీపస్తంభము కట్టబూనిన స్మీటన్, బంకమన్నుగల సున్నపురాయి నీటిలోను గట్టిపడునని కనుగొనెను. 1824లో ఆస్పిడిన్ అను ఇంగ్లీషు తాపీవాడు పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. 1904లో చెన్నపట్టణమునను, 1914లో పోరుబందరునను మనదేశమున సిమెంటు తయారీ మొదలయ్యెను. నెలలపని దినములలో ముగియుచుండగా సున్నమును గోరువా రెవరు? స్తంభములకు, కప్పులకు సిమెంటు తగినదే. ఆ మాట మేము కాదనము.

పాతగోడ సంగతి వేఱు. దాని పునాదిలో తడి నాపు పొర లేదు. నేలనుండి యెక్కిన చెమ్మ సున్నపుపూతగుండ నావిరియై పోవుచుండును. సిమెంటు పూసినచో నా దారి మూయబడి, చెమ్మతో వచ్చిన యుప్పులు లోపలనే గడ్డకట్టి మెత్తని యిటుకను బ్రద్దలుచేయును. పూత గోడకంటె మెత్తనిదై యుండవలెను. అరిగిన పూతను మార్చవచ్చును, అరిగిన గోడ నేమి చేయుదుము?

కనుక ముందుగా తడి యెందుండి వచ్చుచున్నదో వెదకవలెను. కారుచున్న తూమును బాగుచేయక పూత మార్చుట దండుగ. పిదప సిమెంటును మెల్లగా దొలగించి, సున్నము ఒకపాలు, గరుకైన కడిగిన యిసుక మూడుపాళ్ళు కలుపవలెను. చెమ్మ మెండుగా నున్నచోట నిసుకలో నొకపాలు తగ్గించి, కొంచెము తక్కువగా గాలిన యిటుకపొడి చేర్చవలెను. గోడను తడిపి, పలుచని పొరలుగా పూసి, తడిగోనెలు కప్పి కొన్నిదినములు కాపాడవలెను. మండువేసవిలో నీపని పెట్టుకొనరాదు. కాల్చిన సున్నము తడుపునప్పుడు పిల్లలను దూరముంచుడు. కంటబడిన చూపునకే మోసము. మేస్త్రి తొందరపెట్టినను, ముందు జానెడుచోట పూయించి యొక వానకాలము చూచి, మిగిలిన గోడ చేయించుడు.