చుక్కాని మాట

2006లో ఒక శుక్రవారం సాయంత్రం దుబాయ్ క్రీక్ ఒడ్డున, డేరా వైపు, కొయ్య పడవలు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నచోట తచ్చాడుతున్నాను. వీటినే ధౌలంటారు. సొమాలియాకో ఇరాన్‌కో వెళ్ళే పాత ఫ్రిజ్‌లూ, టైర్లూ, బియ్యం బస్తాలూ గట్టు మీద గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక పడవ మీద తెల్లగడ్డం పెద్దాయన కూర్చుని టీ తాగుతున్నాడు. కచ్ఛ్‌లోని మాండ్వి ఆయన ఊరట. నాకు పడవల పిచ్చి ఉందని నాలుగు మాటల్లోనే కనిపెట్టి పైకి రమ్మన్నాడు. ఇంజను చూపించాడు, వంటగది చూపించాడు, వెనక్కి తీసుకెళ్ళి నీళ్ళలోకి వేలు పెట్టి "యే సుక్కాన్ హై" అన్నాడు.

చుక్కాని!

మా భాషలోనూ అదే మాట అని చెప్పాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. "అరబ్బీ మాట కదా, అందరికీ అదే" అన్నాడు. నేను మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. చుక్కాని అచ్చ తెలుగు మాట అనే అప్పటిదాకా అనుకున్నాను. చుక్కల్ని చూసి పడవ నడుపుతారు కాబట్టి చుక్కాని అయిందని ఎవరో చెప్పగా నమ్మాను కూడా.

నా పిచ్చి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కాకినాడలో ఇంజనీరింగు చదివే రోజుల్లో ఎన్.సి.సి. నేవల్ వింగ్‌లో చేరి వేలర్ పడవ మీద తెడ్లు వెయ్యడం, తెరచాప ఎత్తడం నేర్చుకున్నాను. హోప్ ఐలండ్ అడ్డం ఉండడం వల్ల అక్కడ సముద్రం చెరువులా ఉంటుంది. నాలాంటివాడు కూడా నావికుణ్ణనుకోవచ్చు. ఉద్యోగం వచ్చి ఇక్కడికి బయల్దేరేటప్పుడు మా అమ్మ ఆవకాయ జాడీ ఎలా చుట్టాలా అని చూస్తుంటే, నేను ఈ తీరంలో ఏ నెలలో ఏ దిక్కు గాలి వీస్తుందో వెతుకుతూ కూర్చున్నాను. సముద్రం ఉన్న ఊరికి వెళ్తున్నాను, ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా ఇక్కడ తెలుగువాళ్ళ మధ్య పడ్డాక, "మనకెందుకండీ సముద్రం, అది మలయాళీలకీ గుజరాతీలకీ గానీ" అని ఒక పెద్దమనిషి అన్నమాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈ వ్యాసం ఆ ముల్లు తీసుకునే ప్రయత్నం.

మాటలతోనే మొదలుపెడదాం. లంగరు పారశీకం. సరంగు కూడా పారశీకమే, 'సర్‌హంగ్' అంటే నాయకుడు. కళాసీ అరబ్బీ నుంచి వచ్చింది. ఓడ, పడవ, తెప్ప, తెడ్డు, తెరచాప మాత్రం మనవే. తెరచాపలో చాప ఉంది చూడండి. ఒకప్పుడు చాపలల్లి గాలికి తెరగా కట్టేవారన్న సంగతి ఆ మాటే చెబుతోంది. అంటే తీరం వెంట తిరిగే బతుకుకి మన మాటలూ, పెద్ద ఓడ కొలువుకీ సరంజామాకీ వాళ్ళ మాటలూ అన్నమాట. ఇందులో కొన్ని హిందుస్తానీ మీదుగా, కంపెనీ ఓడల మీదుగా వచ్చి ఉండొచ్చు, కాబట్టి మాట ఒక్కటే చూసి చరిత్ర రాసెయ్యకూడదు. కానీ ఒక మాట మాత్రం తిన్నగా ఈ గల్ఫ్ తీరం వైపే వేలు చూపిస్తుంది. అది బందరు.

మచిలీపట్నాన్ని మనం బందరు అంటాం. 'బందర్' అంటే పారశీకంలో రేవు, అంతే. ఊరి పేరు పక్కకు పోయి 'రేవు' అన్న మాటే పేరైపోయేంతగా అక్కడ పారశీకం మాట్లాడేవాళ్ళు తిరిగారు. ఇప్పుడు మేముండే తీరానికి ఎదురుగా, జలసంధికి అవతల ఇరాన్ ఒడ్డున బందర్ అబ్బాస్ ఉంది. 1622లో షా అబ్బాస్ సేన ఇంగ్లీషువాళ్ళ ఓడల సాయంతో హోర్ముజ్ దీవిని పోర్చుగీసువాళ్ళ నుంచి లాక్కున్నాక, ఆ దీవి వ్యాపారం ఈ రేవుకి మళ్ళింది. గోల్కొండ కుతుబ్‌షాహీలు షియాలు, ఇరాన్ సఫవీలూ షియాలే. రాకపోకలకి మతమూ ఉంది, లాభమూ ఉంది. 1630ల తర్వాత రెండు బందర్ల మధ్య ఓడలు క్రమంగా నడిచాయి. గోల్కొండలో మంత్రిగా ఎదిగిన మీర్ జుమ్లాకి సొంత ఓడలే ఉండేవి. మన కలంకారీ బట్టలు, చిరివేరు ఎరుపు దిగిన అద్దకాలు, సన్న నూలు బట్టలు ఇటు వచ్చేవి.

1652 మే నెలలో వజ్రాల వర్తకుడు టావెర్నియే బందర్ అబ్బాస్‌లో ఓడెక్కి జూలైలో మన బందరులో దిగాడు. అది గోల్కొండ సుల్తాను ఓడ. ఏటా పర్షియాకి బట్టలు మోసుకెళ్ళే ఓడ. ఆ నెలలు చూడండి: నైరుతి గాలి పుట్టే వేళకి ఇక్కడ బయల్దేరి, దాని మీదే సింహళం చుట్టి మన తీరానికి చేరాలి. ఆ గాలుల రుతువునే అరబ్బులు 'మౌసిం' అన్నారు. హైదరాబాదులో మనం మౌసం బాగుందనే మాట, ఇంగ్లీషువాడి మాన్సూన్ రెండూ దాని పిల్లలే.

టావెర్నియే ఇంకో సంగతి రాశాడు. ఆ ఓడలో ఆరుగురు డచ్చివాళ్ళు, సుమారు వంద మంది దేశీ నావికులు ఉన్నారట. దారి చూపే పైలట్లనీ, ఫిరంగి పేల్చేవాళ్ళనీ డచ్చి కంపెనీ అరువిచ్చేది. ఎందుకంటే ఇండియావాళ్ళకీ పర్షియావాళ్ళకీ నౌకాశాస్త్రం తెలియదని ఆయన తీర్పు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆయన ఓడెక్కిన రేవుకి ఎదురు ఒడ్డున, ఇప్పటి రాస్ అల్ ఖైమా దగ్గరి జుల్ఫార్‌లో పుట్టిన అహ్మద్ ఇబ్న్ మాజిద్, 1490 ప్రాంతంలోనే హిందూ మహాసముద్రంలో ఏ రేవుకి ఏ నక్షత్రం ఎంత ఎత్తులో ఉండాలో, ఏ గాలికి ఎప్పుడు బయల్దేరాలో పెద్ద గ్రంథం రాసిపెట్టాడు. (వాస్కో డ గామాకి కాలికట్ దారి చూపినవాడు ఈయనే అని ఇక్కడి టూరిస్టు గైడ్లు కూడా చెబుతుంటారు. ఆ కథని పరిశోధకులు ఇప్పుడు ఒప్పుకోవడం లేదు; ఆ పైలట్ గుజరాతీ అని పోర్చుగీసు రాతల్లోనే ఉంది.)

కోపం చల్లారాక నాకు తట్టిన ప్రశ్న వేరు. ఆ వంద మంది ఎవరు?

ఒక్క పేరూ లేదు. డచ్చివాళ్ళ లెక్కల్లో బట్టల బేళ్ళకి నెంబర్లున్నాయి, తెరచాప లాగినవాళ్ళకి లేవు. అందరూ తెలుగువాళ్ళేనని నేననను. అరబ్బులు, బలూచీలు, మలబారువాళ్ళు కలిసి ఉండొచ్చు. కానీ బందరు రేవులో కట్టే ఓడకి, చుట్టూ పల్లెకారులూ ఓడబలిజలూ ఉన్న ఊళ్ళలో, తాడు లాగేవాళ్ళు ఒక్కరూ దొరకలేదంటే నేను నమ్మలేను. ఓడబలిజ అన్న కులం పేరులోనే ఓడ ఉందాయె. మన దగ్గర చదువుకున్న కులాలకి సముద్రం దాటితే ధర్మం పోతుందన్న భయం. సముద్రం మీదకి వెళ్ళే కులాలకి చదువు లేదు. రాసినవాడు ఓడెక్కలేదు, ఓడెక్కినవాడు రాయలేదు. మన నౌకాచరిత్రలో పెద్ద ఖాళీ అక్కడ పుట్టింది. దాన్ని పూడ్చడానికి మన సభల్లో శాతవాహనుల నాణెం మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ చూపించి చప్పట్లు కొట్టించుకుంటాం. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం గొప్పదే, కాదనను. మోటుపల్లి రేవులో 1244 ప్రాంతంలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఇంకా గొప్పది. గాలివానకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని పాత రాజులు లాగేసుకునేవారు, తాను సుంకం తప్ప ఇంకేమీ ముట్టనన్నాడు. అయితే అది వచ్చే వర్తకుడికి ఇచ్చిన అభయం. వెళ్ళే నావికుడి గురించి అందులో ఏమీ లేదు.

నిజానికి మనవాళ్ళు ఓడెక్కిన దిక్కు తూర్పు. గోదావరి ముఖాన కోరంగిలో కొయ్య ఓడలు కట్టారు, బాగుచేశారు. అక్కణ్ణుంచీ కాకినాడ నుంచీ రంగూన్ వెళ్ళినవాళ్ళు ఎందరంటే, బర్మాలో తెలుగువాణ్ణి 'కోరంగీ' అనే పిలిచారు. 1839 నవంబరు తుఫానులో సముద్రం కోరంగిని తుడిచిపెట్టింది. బందరుకి 1864 నవంబరు 1న అదే గతి పట్టింది. సుమారు 30 వేల మంది పోయారు. గోల్కొండ 1687లోనే ఔరంగజేబు చేతిలో కూలింది కాబట్టి ఆ బందరుకీ ఈ తీరానికీ మధ్య దారి అప్పటికే సన్నబడిపోయింది.

పూర్తిగా తెగలేదు. మన ఇళ్ళలో అమ్మమ్మలు బస్రా ముత్యాలని మురిసిపోయేవారు కదా, అవి బస్రాలో పుట్టినవి కావు. ఈ గల్ఫ్ అడుగున పుట్టి, బస్రా బజారు పేరు మోసినవి. బహ్రెయిన్ నుంచి మేముండే తీరం దాకా వేసవిలో పడవలు నెలల తరబడి ముత్యాల గట్ల మీదే ఉండేవి. ముక్కుకి క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని దిగేవాళ్ళు. ముత్యం బొంబాయికి, అక్కణ్ణుంచి హైదరాబాదుకి. 1930లలో జపాను పెంపకపు ముత్యాలూ ఆర్థికమాంద్యమూ కలిసి ఆ బతుకుని ముంచేశాయి. చార్మినార్ పక్క కొట్లో దండ కొనేటప్పుడు అవతల ఒడ్డున ఊపిరి బిగబట్టినవాడు మనకి గుర్తురాలేదు. మనం లేని ఓడల మీద కూడా మనకి బాకీ ఉందని నేననేది ఇందుకే.

ఆ తర్వాతి కథ స్టీమర్లది. 1966 దాకా ఇక్కడ చెల్లింది రూపాయే. 1959 నుంచి గల్ఫ్ కోసం మన రిజర్వు బ్యాంకు వేరే రూపాయి నోట్లు అచ్చువేసింది. బొంబాయి నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు ఈ రేవులన్నీ తిరిగేవి. లోతు రేవు లేక స్టీమరు సముద్రంలోనే ఆగేది, మనుషులు చిన్న పడవల్లో ఒడ్డుకి చేరేవారు. 1961 ఏప్రిల్ 8 తెల్లవారుజామున 'దారా' అనే స్టీమరు దుబాయ్ బయట పేలుడుతో అంటుకుంది. 819 మందిలో 238 మంది చనిపోయారు. ముందురోజు గాలివానకి లంగరు ఎత్తుకుని బయటికి వెళ్ళిన ఓడ అది. సాగనంపడానికి ఎక్కి దిగలేకపోయినవాళ్ళు కూడా అందులో ఉన్నారు. పోర్ట్ రషీద్ 1972లో తెరిచారు, జెబెల్ అలీ 1979లో. కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు గుంపులుగా రావడం మొదలయ్యేసరికి విమానాల కాలం వచ్చేసింది. మనం ఈ సముద్రాన్ని కిటికీలోంచి మాత్రమే చూశాం.

నేను ఇక్కడ తెరచాప పట్టిన సంగతి కొంచెం చెప్పాలి. పడవ కొనే స్తోమత ఎవరికుంటుంది? పడవున్నవాడికి మనిషి కావాలి, మనకి పడవ కావాలి. సెయిలింగ్ క్లబ్బుల్లో వలసవచ్చినవాడికి దొరికే తలుపు అదే. కాకినాడలో నేర్చింది సగం మరిచిపోవలసి వచ్చింది. ఇక్కడ వాయవ్యం నుంచి వచ్చే గాలిని షమాల్ అంటారు. అది లేచిందంటే లోతు తక్కువ నీళ్ళు కదా, అల పొట్టిగా, నిట్రంగా, వెంటవెంటనే కొడుతుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం ఎడారి వేడెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది, చీకటి పడేసరికి చచ్చిపోతుంది. మొదటిసారి ఆ సంగతి తెలియక ఇద్దరం రాత్రి తొమ్మిదింటి దాకా తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరాం. మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

ఇన్నేళ్ళలో క్లబ్బు పడవల మీద నాకు ఇంకో తెలుగువాడు కనిపించింది రెండుసార్లే. అలాగని ఈ అరేబియా సముద్రం మీద తెలుగువాళ్ళు లేరనుకుంటే పొరపాటు. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి అక్కడి బోట్ల మీద కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు గీత దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మనదేశంలో అడుగుపెట్టారు. ఈసారి పేర్లు పత్రికల్లో వచ్చాయి. కానీ పట్టుబడితేనే వచ్చాయి.

దానికి కొంచెం ముందు, 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన 'తారిణి' మీద ఆరుగురు నౌకాదళం ఆడవాళ్ళు ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. ఆ ఆరుగురిలో విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. నాకు "మనకెందుకండీ సముద్రం" అన్న పెద్దమనిషికి ఆ వార్త కత్తిరించి పంపాను. జవాబు రాలేదు.

మాండ్వి పెద్దాయన్ని మరో రెండుసార్లు కలిశాను. ఆఖరిసారి ఆయన పడవ బెర్బెరా వెళ్ళడానికి సరుకు నింపుకుంటోంది. బందరు గురించి, రెండు బందర్ల ఓడల గురించి నాకు వచ్చిన హిందీలో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఆ వంద మందికి జీతం ఎంతిచ్చేవారని అడిగాడు. తెలియదన్నాను. టీ గ్లాసు కింద పెట్టి, తాడు వదులైందని కుర్రాణ్ణి కేకేస్తూ లేచాడు.