ముందద్దం కథ

మోటారు బండి ముందుండే అద్దాన్ని ఇంగ్లండు వారు విండ్‌స్క్రీన్ అన్నారు, అమెరికా వారు విండ్‌షీల్డ్ అన్నారు. ఒకటి గాలికి తెర, మరొకటి గాలికి డాలు. రెండింటిలోనూ గాజు ఊసే లేదు. తొలినాటి కార్లు చాలావాటికి పైకప్పు ఉండేది కాదు. ఎదురుగాలినీ దుమ్మునూ ఆపడమే దాని పని.

అయితే ప్రమాదం జరిగితే ఆ డాలే కత్తి అయ్యేది. మామూలు గాజు పగిలి మనుషులను కోసేది. 1903లో ఫ్రాన్సులో ఎడ్వార్ బెనెడిక్టస్ ప్రయోగశాలలో కిందపడిన గాజుకుప్పె పగిలినా ముక్కలు చెదరలేదట. లోపల ఎండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర వాటిని పట్టి ఉంచింది. రెండు గాజు పలకల నడుమ పొర పెట్టే పద్ధతికి ఆయన 1909లో పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటి ముందద్దాల తయారీ సూత్రమూ అదే.

మన దేశపు 1989 నాటి మోటారు వాహనాల నియమాలు ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలన్నాయి. కాపాడడంతో పాటు కనిపించనివ్వడమూ దాని ధర్మమే.

కన్నడంలో ముఖం చూసుకునేది కన్నడి, గాజు వేరు. తమిళంలో రెండింటికీ కణ్ణాడి చెల్లుతుంది. మన అద్దమూ అంతే. ముందద్దంలోంచి వెళ్లే దారి, పక్కద్దంలో వచ్చిన దారి కనిపిస్తాయి. ఊరు విడిచి తరాలైన మనకు రెండూ కావాలి. పిల్లలు విండ్‌షీల్డ్ అంటే అననిద్దాం. అద్దం అనే మాటనూ వారి నోట ఉండనిద్దాం.