పోలీసుల చేతికి సైనిక సామగ్రి: అనుమతి ఎవరిది? లెక్క ఎవరికి?

అమెరికాలో స్థానిక పోలీసులు యుద్ధరంగానికి ఉద్దేశించిన వాహనాలను, ఆయుధాలను వాడటం కొత్త కాదు. వాటిని సమకూర్చుకునే ముందే ప్రజాప్రతినిధుల అనుమతి పొందాలన్న నియమం మాత్రం ఇటీవలిది. కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో ఆమోదించిన ‘ఏబీ 481’ చట్టం ఈ నియమాన్ని రాష్ట్రమంతటా విధించింది. తెలుగువారు గణనీయంగా నివసించే ఫ్రీమాంట్, శాన్‌హోసే వంటి నగరాల పోలీసులకూ ఇది వర్తిస్తుంది.

సామగ్రి వచ్చే దారి

సైన్యానికి అవసరం తీరిన సామగ్రిని పోలీసులకు ఇచ్చే పద్ధతి 1990 దశకం ఆరంభంలో మాదకద్రవ్యాల నిరోధం పేరిట మొదలైంది. 1997 ఆర్థిక సంవత్సరపు రక్షణ చట్టంలోని 1033వ సెక్షన్ దానిని ఇతర పోలీసు విధులకూ విస్తరించింది. సామగ్రికి ధర చెల్లించనక్కర లేదు. రవాణా, నిర్వహణ ఖర్చులు మాత్రం పోలీసు శాఖే భరించాలి. ఇందులో ఎక్కువ భాగం దుస్తులు, ఫర్నిచర్, జనరేటర్ల వంటి మామూలు వస్తువులే. రైఫిళ్లు, మందుపాతరలను తట్టుకునే కవచ వాహనాలు మాత్రం పోలీసుల వద్ద ఉన్నా రక్షణ శాఖ ఆస్తిగానే కొనసాగుతాయి. ఇవి కాక, కేంద్ర గ్రాంట్లతోనూ సొంత నిధులతోనూ పోలీసు శాఖలు ఇటువంటి సామగ్రిని కొనుగోలు చేస్తాయి.

వాదం, ప్రతివాదం

పోలీసుల వాదనకు ఆధారం ఉంది. 1997 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో బ్యాంకు దోపిడీకి వచ్చిన ఇద్దరు దుండగులు శరీర కవచాలు ధరించి, ఆటోమేటిక్ ఆయుధాలతో కాల్పులు జరిపారు. పోలీసుల చేతి తుపాకులు వారి ముందు నిలవలేదు. అటువంటి ఘడియలో తమకు తగిన సాధనాలు ఉండాలని పోలీసులు కోరుతున్నారు.

2014 ఆగస్టులో మిస్సోరీ రాష్ట్రం ఫెర్గుసన్‌లో నల్లజాతి యువకుడు పోలీసు కాల్పుల్లో మరణించాడు. నిరసనకారుల ఎదుట కవచ వాహనాలు, రైఫిళ్లు ఎక్కుపెట్టిన పోలీసులు నిలిచిన దృశ్యాలు దేశాన్ని కలవరపెట్టాయి. అరుదైన దాడుల కోసం తెచ్చుకున్న సామగ్రి నిత్య విధుల్లోకి చొరబడుతోందన్నది విమర్శకుల అభ్యంతరం.

పర్యవేక్షణలోని లోపమూ బయటపడింది. 2017లో కేంద్ర ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ, ఉనికిలోనే లేని ఒక పోలీసు విభాగం పేరిట దరఖాస్తు చేసి, సుమారు 12 లక్షల డాలర్ల విలువైన 100కు పైగా నియంత్రిత వస్తువులను పొందగలిగింది.

వాషింగ్టన్ విధానం అధ్యక్షుడితో పాటు మారుతూ వచ్చింది. ఒబామా 2015లో విధించిన ఆంక్షలను ట్రంప్ 2017లో రద్దు చేశారు. బైడెన్ 2022లో మళ్లీ పరిమితులు తెచ్చారు. 2025లో ట్రంప్ వాటినీ తొలగించారు. అందుకే రాష్ట్ర, నగర స్థాయి నిబంధనలకు ప్రాధాన్యం పెరిగింది.

ఏబీ 481 ఏం చెబుతుంది?

సామగ్రి ఏ మార్గంలో వచ్చినా ఈ చట్టం వర్తిస్తుంది. కవచ వాహనాలు, డ్రోన్లు, రోబోలు, బాష్పవాయువు, దూరం నుంచి చెవులు చిల్లులు పడే శబ్దాన్ని పంపే యంత్రాలు దీని జాబితాలో ఉన్నాయి. పోలీసు శాఖ వీటి వినియోగ విధానాన్ని రాసి, బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు వెబ్‌సైట్‌లో ఉంచాలి. నగర పాలక మండలి దానిని స్థానిక చట్టంగా ఆమోదించాలి. ఎన్నికైన షెరీఫ్ ఉన్న చోట కౌంటీ పాలక మండలి ఈ బాధ్యత వహిస్తుంది.

వేరే సముచిత ప్రత్యామ్నాయం లేదని, పౌర హక్కులకు రక్షణ ఉందని నిర్ధారించుకున్నాకే అనుమతి ఇవ్వాలి. ఆపై ఏటా నివేదిక తప్పనిసరి: ఎలా, ఎందుకు వాడారు, ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎంత ఖర్చయింది, కొత్తగా ఏం కొనదలచారు అన్నవి అందులో ఉండాలి. నివేదిక వెలువడిన 30 రోజుల్లోగా పోలీసు శాఖ బహిరంగ సమావేశం జరపాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో అనుభవం

ఈ చట్టం పనితీరు 2022లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్పష్టమైంది. నగర పోలీసుల వద్ద 17 రోబోలు ఉన్నాయని, వాటిలో 12 పనిచేస్తున్నాయని తేలింది. ప్రాణహాని తప్పించే వేరే మార్గం లేనప్పుడు రోబోతో ప్రాణాంతక బలప్రయోగానికి వీలు కల్పించే నిబంధనను పోలీసులు ప్రతిపాదించారు. 2016లో డాలస్‌లో ఐదుగురు పోలీసులను చంపిన సాయుధుడిని రోబో మోసుకెళ్లిన పేలుడు పదార్థంతో హతమార్చిన ఉదంతం అప్పటికే ఉంది. నవంబరు 29న పాలక మండలి 8–3 ఓట్లతో అనుమతించింది. ప్రజాగ్రహం పెల్లుబకడంతో డిసెంబరు 6న ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది.

పరిమితులు, పోలిక

ఏబీ 481 ఏ సామగ్రినీ స్వయంగా నిషేధించదు. మండలి సభ్యులు ప్రశ్నించకపోతే ఆమోదం లాంఛనంగా ముగుస్తుంది.

భారత రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశం. ఆధునికీకరణ పథకం కింద ఆయుధాలు, వాహనాలకు కేంద్రం నిధులిస్తుంది. ఆ ఖర్చును కాగ్ పరిశీలిస్తుంది, దాని నివేదిక శాసనసభ ముందుకు వస్తుంది. ఈ తనిఖీ ఖర్చు జరిగాక మొదలవుతుంది. కాలిఫోర్నియా చట్టం ఒక్కో సాధనం గురించి కొనుగోలుకు ముందే ప్రశ్న వేయమంటుంది. అక్కడి సమావేశాల్లో ప్రశ్నించే అవకాశం సాధారణ ప్రజలందరిదీ కనుక, పౌరసత్వం లేని ప్రవాసులు కూడా తమ నగర పోలీసుల జాబితాను చదివి మాట్లాడవచ్చు.